పిల్లల్ని చెరొకరం పంచుకుందాం అంటున్నారు... సంతకం పెట్టనా?

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆమె వయసు 33. పెళ్లయి తొమ్మిదేళ్లు. పాపకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతోంది. బాబుకు వచ్చే శ్రావణంలో ఐదు నిండుతాయి. భర్త హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు, జీతం 85 వేలు. మొదట్లో అంతా బాగానే ఉందట. లాక్‌డౌన్ రోజుల్లో ఆయన ఇంట్లో కూర్చుని షేర్ ట్రేడింగ్ మొదలుపెట్టారు. మొదట ఉన్న డబ్బులు, తర్వాత పర్సనల్ లోన్లు, ఆ తర్వాత స్నేహితుల దగ్గర చేబదుళ్లు పోయాయి. ఒకసారి బంధువుల పెళ్లికి బయల్దేరుతూ ఈమె బీరువాలోంచి హారం పెట్టె తీస్తే, అది చేతికి తేలిగ్గా తగిలింది. లోపల దూది తప్ప ఏమీ లేదు. పుట్టింటివారు పెట్టిన పద్దెనిమిది కాసుల బంగారం ఒక్కొక్కటిగా తాకట్టుకు వెళ్లిపోయిందని అప్పుడు తెలిసింది. నిలదీస్తే చేయి చేసుకున్నారు. అలా రెండుసార్లు జరిగింది. పద్నాలుగు నెలల కిందట పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేశారు. ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరారు, జీతం 14 వేలు.

పది రోజుల కిందట భర్త తరఫున లాయర్ నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో కాపురానికి రావాలి, లేకపోతే విడాకులకు, పిల్లల కస్టడీకి హైదరాబాద్‌లో కేసు వేస్తామని అందులో ఉంది. వారం తిరక్కుండానే పెద్దమనుషుల నుంచి ఇంకో కబురు. కోర్టులెందుకు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుందాం. బాబు తండ్రి దగ్గర, పాప తల్లి దగ్గర. ఆమెకు పది లక్షలు ఇస్తారు, బంగారం మాట ఎత్తకూడదు.

"అన్నయ్య సంతకం పెట్టెయ్ అంటున్నాడు. అమ్మ వెళ్లి సర్దుకుపో అంటోంది. వదిన ఏమీ అనడం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది" అని రాశారు. ఆరు నెలలుగా భర్త ఫోన్ చేసినా పిల్లలకు ఇవ్వడం లేదట. మాట్లాడనిస్తే రేపు కోర్టులో ఆయనకే బలమవుతుందని ఎవరో చెప్పారట. మొన్న రాత్రి అన్నం తింటూ పాప "నాన్నతో మనం కటీఫా అమ్మా?" అని అడిగితే, జవాబు చెప్పలేక వంటింట్లోకి వెళ్లిపోయానని రాశారు.

ఆమె అడిగినవి: స్టాంపు కాగితం మీద విడాకులు చెల్లుతాయా? ఐదేళ్లు నిండగానే బాబును తండ్రికి ఇచ్చేయాలా? నా 14 వేల జీతం చూసి జడ్జిగారు పిల్లల్ని నాకు ఇవ్వరా? కేసు కోసం హైదరాబాద్ ఎన్నిసార్లు తిరగగలను? అసలు విడాకులు తీసుకోవాలా, వద్దా?

---

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట. ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. విడాకులు తీసుకోవద్దని నేను అనడం లేదు, తీసుకోమనీ అనడం లేదు. అది మీరు తేల్చుకోవాల్సింది. కానీ ఆ కాగితం మీకు విడాకులు ఇవ్వదు, రక్షణా ఇవ్వదు. మీ చేతిలో ఉన్నవి మాత్రం తీసేసుకుంటుంది.

మీది హిందూ వివాహ చట్టం కిందికి వచ్చే పెళ్లి అనుకుని రాస్తున్నాను. (క్రైస్తవులకు, ముస్లింలకు, స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి విడాకుల నియమాలు వేరు.) 1955 నాటి ఈ చట్టం ప్రకారం పెళ్లిని రద్దు చేసే అధికారం కోర్టుది. పెద్దమనుషులు రాసినా, నోటరీ చేయించినా, పదిమంది సాక్షి సంతకాలు పెట్టినా అది విడాకులు కాదు. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం విడాకులు ఉన్నాయి, చట్టం వాటిని కాదనలేదు. కానీ అలాంటి ఆచారం మా కులంలో తరతరాలుగా ఉందని కోర్టులో నిరూపించాలి, అది అంత తేలిక కాదు. ఆ కాగితాన్ని నమ్ముకుని రేపు మీలో ఎవరైనా మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ రెండో పెళ్లి చెల్లదు, పైగా నేరం. న్యాయవాదిగా నా దగ్గరకు వచ్చిన వాళ్లలో, ఆ కాగితం లామినేషన్ చేయించి ఏళ్ల తరబడి బీరువాలో దాచుకుని, తీరా పాస్‌పోర్టుకో రెండో పెళ్లికో అవసరమైనప్పుడు అది పనికిరాదని తెలుసుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు.

మీ ఉత్తరంలో నాలుగు విషయాలు ఒకే ముడిగా పడిపోయాయి: మీ ఇద్దరి కాపురం, పిల్లలు, డబ్బు, బంగారం. పెద్దమనుషుల కాగితం కూడా ఆ నాలుగింటినీ ఒకే తక్కెడలో వేసింది. కొడుకునిస్తే పది లక్షలు, బంగారం మరిచిపోతే విడాకులు. చట్టం మాత్రం వీటిని విడివిడిగా చూస్తుంది. మీరూ అలాగే చూస్తే మనసుకు కాస్త ఊపిరి ఆడుతుంది.

పిల్లల సంగతి ముందు చెబుతాను. మీ ఉత్తరం నిండా ఉన్న భయం అదే.

"ఐదేళ్లు నిండితే మగపిల్లాడు తండ్రికే" అన్న మాట మన ఊళ్లలో వేదవాక్కులా తిరుగుతోంది. అది సగం నిజం. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. తండ్రి సహజ సంరక్షకుడని, ఆయన తర్వాత తల్లి అని, అయితే ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అందులో రాశారు. జనం ఇక్కడిదాకా విని ఆగిపోయారు. అదే చట్టంలో పదమూడో సెక్షన్ ఉంది. ఎవరిని సంరక్షకులుగా పెట్టాలన్నా అన్నింటికన్నా ముందు చూడాల్సింది పిల్లల మేలు అని అది చెబుతుంది. అంటే ఐదో పుట్టినరోజున బాబును మూట కట్టి పంపాలని ఏ చట్టంలోనూ లేదు. ఐదు దాటాక తల్లికి ఉన్న ఆ మొగ్గు కొంత తగ్గుతుంది, అంతే. అప్పుడు కోర్టు ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, పిల్లవాడు ఎక్కడ బాగుంటాడో చూస్తుంది. "తండ్రి తర్వాత తల్లి" అన్న మాటను కూడా 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు సరిచేసింది. తర్వాత అంటే తండ్రి చనిపోయాక అని అర్థం కాదని, తండ్రి పిల్లల బాగోగులు చూడని స్థితిలో ఉంటే ఆయన బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని చెప్పింది.

ఎక్కడ బాగుంటారన్నది కోర్టు ఎలా చూస్తుంది? జీతం ఒక్కటే చూడదు. మీ 14 వేలకూ ఆయన 85 వేలకూ మధ్య అంతరాన్ని పూడ్చడానికే భరణం ఉంది. స్కూలుకు ఎవరు తయారు చేస్తున్నారు, జ్వరం వస్తే ఎవరు పక్కన ఉంటున్నారు, సాయంత్రం నాలుగింటికి ఇంటికి వస్తే తలుపు తీసేదెవరు, పద్నాలుగు నెలలుగా అలవాటైన స్కూలు, స్నేహితులు, తాతయ్య, అమ్మమ్మ, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఆయన ఉద్యోగానికి వెళ్తే హైదరాబాద్‌లో బాబును పగలంతా ఎవరు చూస్తారన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆయన అమ్మగారు వచ్చి ఉంటారని చెప్పవచ్చు. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. అక్కనీ తమ్ముడినీ విడదీయడానికి కోర్టులు మామూలుగా ఇష్టపడవు. బలమైన కారణం ఉంటే తప్ప కలిపే ఉంచుతాయి. కొడుకు ఆయనకు, కూతురు మీకు అన్న పంపకం పెద్దమనుషులకు న్యాయంగా కనిపించి ఉండవచ్చు. మీ పాపకు మాత్రం అది నాన్నతో పాటు తమ్ముడు కూడా దూరమవడం. పొలం పంచినట్లు పిల్లల్ని పంచడం నాకు ఎన్నేళ్లైనా మింగుడు పడదు.

జడ్జిగారు పిల్లలతో మాట్లాడతారా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. సొంతంగా ఆలోచించి చెప్పగల వయసు వస్తే పిల్లల ఇష్టాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో ఉంది. ఆ వయసు ఇంత అని గీత గీయలేదు. మీ పాపను చాంబర్‌లోకి పిలిచి నాలుగు మాటలు అడగవచ్చు. దయచేసి ఆ మాటలు మీరు నేర్పకండి. నేర్పిన మాట పిల్లల నోట ఎలా ఉంటుందో జడ్జీలకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆరు నెలలుగా ఫోన్ ఇవ్వకపోవడం పొరపాటు. మీకు అలా చెప్పినవాళ్లు తలకిందులుగా చెప్పారు. కారణం లేకుండా పిల్లల్ని తండ్రికి దూరం చేసిన తల్లి మీద, అలాగే తల్లికి దూరం చేసిన తండ్రి మీద, కోర్టుకు అనుమానం పెరుగుతుంది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు పిల్లలకు ఉందని, దగ్గర లేని వాళ్లతో ఫోన్లోనో వీడియో కాల్‌లోనో మాట్లాడే వీలు ఉండాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు కేసులో స్పష్టంగా చెప్పింది. ఆయన మీ మీద చేయి చేసుకోవడం తప్పు, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మీరే రాశారు, పిల్లల మీద ఆయన ఎప్పుడూ చేయి ఎత్తలేదని, పాపకు లెక్కలు ఆయనే చెప్పేవారని. అలాంటప్పుడు ఫోన్ ఆపడానికి మీ దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు. పిల్లల్ని కొట్టే మనిషో, తాగి గొడవ చేసే మనిషో అయితే ఇంకోలా చెప్పేదాన్ని.

ఈ మాట ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, ఒక దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోదు. చాలా ఏళ్ల కిందట, ఒక ఫ్యామిలీ కోర్టు వరండా. పదకొండు నెలల తర్వాత ఒక తండ్రి తన ఆరేళ్ల కొడుకును గంటసేపు చూడడానికి కోర్టు అనుమతిచ్చింది. ఆయన పిల్లవాడికి కొత్త చొక్కా తెచ్చాడు. బెంచీ మీద కూర్చోబెట్టి తొడగబోతే చేతులు దూరలేదు. పదకొండు నెలల కిందటి కొలత గుర్తుపెట్టుకుని కొన్నాడు. పిల్లవాడు "ఫర్వాలేదు అంకుల్" అన్నాడు. అటువైపు నిలబడ్డ తల్లి ముఖం తిప్పుకుంది. ఆ కేసులో నేను ఆమె లాయర్‌ని. పిల్లవాడిని చూపించవద్దని సలహా ఇచ్చింది నేను కాదు, కానీ చూపించమని గట్టిగా చెప్పనిదీ నేనే. అప్పటి నుంచి చెబుతున్నాను.

కస్టడీ అంటే పిల్లలు పూర్తిగా ఒకరి సొంతం అయిపోవడం అని మనవాళ్లు అనుకుంటారు. పిల్లలు ఒకరి దగ్గర ఉంటారు, రెండోవాళ్లకు చూసే హక్కు ఉంటుంది. రెండో, నాలుగో శని ఆదివారాలు, సంక్రాంతి దసరా సెలవుల్లో సగం, వేసవిలో కొన్ని వారాలు, రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్. ఇలా ఎంత వివరంగా రాసుకుంటే రేపు అంత గొడవ తగ్గుతుంది. ఎవరు తీసుకొస్తారు, ఎక్కడ అప్పగిస్తారు, స్కూలు ఫీజు ఎవరు కడతారు, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి, ఇవి కూడా రాయాలి. ఇంకొకటి, కస్టడీ ఉత్తర్వు రాతి మీద చెక్కినది కాదు. పరిస్థితులు మారితే ఇద్దరిలో ఎవరైనా మళ్లీ కోర్టును అడగవచ్చు. ఇప్పుడు గెలిస్తే ఎప్పటికీ గెలిచినట్టని అనుకోకండి, ఇప్పుడు కొంత తగ్గితే ఎప్పటికీ ఓడినట్టని కూడా అనుకోకండి.

ఇక మీ కాపురం. మీ ముందు నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి. వీటిలో ఏదీ నొప్పి లేనిది కాదు.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడం ఒకటి. హిందూ వివాహ చట్టంలో 13బీ సెక్షన్. ఏడాది విడిగా ఉండి ఉండాలి. మీకు పద్నాలుగు నెలలు దాటింది కాబట్టి ఆ అర్హత ఉంది. ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు. ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల్లోపు మళ్లీ వచ్చి "అవును, ఇదే మా నిర్ణయం" అని చెప్పాలి. ఈ ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజీ ప్రయత్నాలన్నీ విఫలమై, పిల్లలు, భరణం విషయాలు నిజంగా తేలిపోయి ఉండాలి. విడిగా ఉండి ఏడాదిన్నర దాటి ఉండడాన్ని కూడా చూస్తారు. ఖర్చు, కాలం, అవమానం అన్నీ తక్కువ ఉన్న దారి ఇది. తుది ఉత్తర్వు వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకుంటే ఒప్పందం ఆగిపోతుంది. అందుకే డబ్బు మొత్తం ముందే ఇచ్చేయడానికి వాళ్లు, ఏమీ చేతికి రాకుండా సంతకం పెట్టడానికి మీరు భయపడతారు. కొంత మొదటి రోజు, మిగిలింది చివరి రోజు జడ్జిగారి ముందు డీడీ రూపంలో, అని రాసుకోవడం మామూలు పద్ధతి. పెద్దమనుషులు నిజంగా మంచి కోరేవాళ్లయితే వాళ్లను ఈ దారికి తీసుకురండి. రాజీ వాళ్ల సమక్షంలోనే జరగనివ్వండి. కాగితం మాత్రం కోర్టుది కావాలి.

రెండోది, ఆయన ఒప్పుకోకపోతే మీరే కారణాలు చూపి కేసు వేయడం. క్రూరత్వం ఒక కారణం. కొట్టడమే కాక, చెప్పకుండా బంగారం తాకట్టు పెట్టడం, అప్పులవాళ్లు ఇంటి మీదికి రావడం లాంటివి మానసిక క్రూరత్వం కింద చూపవచ్చు. కానీ నిరూపించాలి. సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్, వాయిదాలు ఉంటాయి. విడాకుల కేసును ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా, వాస్తవంలో ఏళ్లు పడుతుంది. "కాపురం ఇక కుదరదు" అన్నదొక్కటే కింది కోర్టులో విడాకులకు కారణం కాదు. దాని ఆధారంగా పెళ్లి రద్దు చేసే ప్రత్యేక అధికారం తమకు ఉందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అధికారం ఆ కోర్టుకే పరిమితం.

మూడోది, విడాకులు అడగకుండా, విడిగానే ఉంటూ మీకూ పిల్లలకూ భరణం, రక్షణ మాత్రం తెచ్చుకోవడం. మనసు ఇంకా తేల్చుకోలేనివాళ్లకు ఇది ఊరట. 2005 నాటి గృహహింస చట్టం కింద మెజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు వేస్తే రక్షణ ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, తాత్కాలికంగా పిల్లల కస్టడీ ఒకే చోట అడగవచ్చు. అలా కాకపోతే భరణం మాత్రమే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 సెక్షన్ ఇప్పుడు 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 అయింది. ఈ రెండూ మీరు ఉంటున్న చోటే వేసుకోవచ్చు. ఈ దారిలో కష్టం ఏమిటంటే, పెళ్లి అలాగే ఉంటుంది. ఏళ్లు గడిచిపోతాయి, మీ ఇద్దరి జీవితాలూ గుమ్మంలోనే నిలబడిపోతాయి.

నాలుగోది మీ అమ్మగారు చెప్పేది, తిరిగి వెళ్లడం. "సర్దుకుపో" అన్న మాట వెనక ఆవిడ భయాన్ని అర్థం చేసుకోండి. తాము పోయాక మీ గతేమిటన్న దిగులు అది. ఆ దారి తప్పని నేను అనను. కానీ ఊరికే సర్దుకోవడానికి వెళ్తే ఆరు నెలల్లో మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. అప్పులు మొత్తం ఎంతో కాగితం మీద పెట్టడం, ట్రేడింగ్ అకౌంట్ మూసేయడం, ఇద్దరూ కౌన్సెలింగ్‌కు వెళ్లడం, ఇక మీద చేయి ఎత్తనని పెద్దల ముందు ఒప్పుకోవడం. ఇవి జరిగాకే వెళ్లాలి, వెళ్లాక జరుగుతాయని కాదు. ఆయన వీటికి ఒప్పుకుంటారో లేదో అడిగి చూడండి. ఆ జవాబుతో మీకు సగం విషయం తేలిపోతుంది. ఫ్యామిలీ కోర్టుకు వెళ్లినా ముందు చేసేది రాజీ ప్రయత్నమే, 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం దాన్ని కోర్టు బాధ్యతగా పెట్టింది.

నోటీసు చూసి వణికిపోయానన్నారు. నోటీసు కేసు కాదు. కాపురానికి రావాలన్న హక్కు కోసం హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద కేసు వేయవచ్చు. డిక్రీ వచ్చినా పోలీసులు వచ్చి మిమ్మల్ని చేయి పట్టి తీసుకెళ్లరు. ఏడాదిపాటు కలిసి ఉండకపోతే దాన్ని చూపి ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు, అసలు దాని ఉపయోగం అక్కడే. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్ స్త్రీ స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టేశారు. మరుసటి ఏడాది ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు, సెక్షన్ నిలబడింది. ఆ తీర్పు నిలబడి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే నోటీసుకు జవాబు ఇవ్వకుండా ఊరుకోవద్దు. రెండేళ్లు కారణం లేకుండా వదిలి వెళ్లారని నిరూపిస్తే అది విడాకులకు ఒక కారణం. మీరు ఎందుకు వచ్చేశారో, తేదీలతో సహా, ఒక లాయర్ ద్వారా మర్యాదగా రాయించండి. తిట్లు వద్దు. ఆ కాగితమే రేపు జడ్జిగారి చేతిలో ఉంటుంది.

హైదరాబాద్ ప్రయాణాల సంగతి. మీరు విడాకులకు వేస్తే మీరు ఉంటున్న చోటి కోర్టులోనే వేయవచ్చు, 2003లో చట్టాన్ని సవరించి భార్యకు ఆ వెసులుబాటు ఇచ్చారు. ఆయన వేస్తే, మీరు చివరిగా కలిసి కాపురం చేసింది హైదరాబాద్ కాబట్టి అక్కడ వేసుకునే హక్కు ఆయనకుంది. విడిగా పిల్లల సంరక్షణ కోసం గార్డియన్స్ చట్టం కింద వేయాలంటే మాత్రం పిల్లలు మామూలుగా ఉంటున్న చోటే వేయాలి, అంటే మీ జిల్లాలో. ఆయన హైదరాబాద్‌లో విడాకుల కేసు వేస్తే దాన్ని గుంటూరుకు మార్చమని అడగవచ్చు. ఇక్కడే మన రాష్ట్రాల వాళ్లకు ఒక చిక్కు ఉంది. 2014కు ముందైతే అది ఒకే రాష్ట్రంలోని వ్యవహారం, హైకోర్టులోనే తేలిపోయేది. ఇప్పుడు రాష్ట్రాలు రెండు, 2019 జనవరి 1 నుంచి హైకోర్టులూ రెండు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు మార్చాలంటే సుప్రీంకోర్టుకు వెళ్లాలి. ఇలాంటి పిటిషన్లలో చిన్నపిల్లలున్న భార్య ఇబ్బందిని సుప్రీంకోర్టు సానుభూతితోనే చూస్తుంది, కానీ ఢిల్లీ ఢిల్లీయే. ఇద్దరూ వేర్వేరు కోర్టుల్లో విడాకులకు వేసుకుంటే తర్వాత వేసిన కేసు ముందు వేసిన కోర్టుకు వెళ్లాలని చట్టంలో ఉంది. అందుకని, విడాకులే మీ నిర్ణయమైతే ఆలస్యం చేయవద్దు. నిర్ణయం కాకపోతే, కోర్టు కోసమని తొందరపడి వేయవద్దు.

లాయర్ ఫీజు గురించి భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. గుంటూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కొట్టే పరిస్థితి మళ్లీ వస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

డబ్బు. మీకు ఉద్యోగం ఉందని భరణం రాదనుకోకండి, అది పెద్ద అపోహ. భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పాలని, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కించాలని 2020లో రజ్‌నేష్ కేసులో సుప్రీంకోర్టు నియమం పెట్టింది. ఈఎంఐలు ఉన్నాయని చెప్పి పిల్లల ఖర్చు తప్పించుకోవడం కోర్టులో అంత తేలిక కాదు. ట్రేడింగ్ అప్పు ఆయన చేసుకున్నది. పది లక్షల మాట తీసుకుంటే, పాపకు పద్దెనిమిదేళ్లు రావడానికి ఇంకా పదకొండేళ్లుంది. నూట ముప్పై రెండు నెలలు. భాగించి చూడండి, నెలకు ఏడున్నర వేల చిల్లర. అందులోనే మీ బంగారం, మీ భరణం, పాప చదువు, అన్నీ. పిల్లల తరఫున "ఇక ఏమీ అడగం" అని మీరు రాసిచ్చినా అది వాళ్ల హక్కును పోగొట్టదు. విడాకులయ్యాక భర్త ఆస్తిలో మీకు వాటా ఉండదు గానీ, పిల్లలకు ఉంటుంది. కూతురుకూ కొడుకుకూ సమానంగా. బాబు ఎవరి దగ్గర ఉన్నాడన్న దానితో దానికి సంబంధం లేదు.

బంగారం మీ స్త్రీధనం. భర్త దగ్గర ఉన్నంత మాత్రాన ఆయన సొంతం కాదని, అడిగితే తిరిగి ఇవ్వాల్సిందేనని 1985లోనే సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో చెప్పింది. పెళ్లి ఆల్బమ్ తీయండి. ఏ ఫొటోలో ఏ నగ కనిపిస్తుందో రాయండి. మీ నాన్నగారి దగ్గర కొన్న బిల్లులుంటే వాటికి జెరాక్స్ తీయించండి. తాకట్టు రసీదులు మీ ఫోన్‌లో ఉన్నాయన్నారు, వాటిని వేరే చోట కూడా దాచండి. కేసు వేసినా, రాజీ పడినా ఈ లిస్టు కావాలి. రాజీలో కొంత వదులుకోవచ్చు. ఎంత వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.

అన్నయ్య 498ఏ కేసు, అంటే భార్యను హింసించినందుకు పెట్టే క్రిమినల్ కేసు, పెడదామంటున్నారని ఒక లైను రాశారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. జరిగింది జరిగినట్టు చెప్పే హక్కు మీకుంది, ఎవరూ ఆపలేరు. కానీ బెదిరించడానికని, లేని మనుషుల పేర్లు చేర్చి పెట్టకండి. క్రిమినల్ కేసు ఒకసారి మొదలైతే మనం అనుకున్నప్పుడు ఆగదు. నిజంగా జరిగిన ఆ రెండు సంఘటనల బలం కూడా అబద్ధాల మధ్య పలచబడిపోతుంది.

ఆయన స్కూలుకు వచ్చి బాబును తీసుకెళ్లిపోతారేమో అని నిద్ర పట్టడం లేదన్నారు. అలాంటి సూచనలు నిజంగా కనిపిస్తే మీరే ముందుగా కోర్టుకు వెళ్లి మధ్యంతర కస్టడీ అడగండి. మీకు తెలియకుండా ఎవరితోనూ పంపవద్దని స్కూలు హెడ్‌మాస్టర్‌కు ఉత్తరం ఇవ్వండి. జరిగాక అయితే హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డను కోర్టు ముందుకు తీసుకురమ్మని అడిగే పిటిషన్) వేసే అవకాశం కూడా ఉంది. కానీ నా అనుభవంలో పిల్లల గొంతు వారానికి రెండుసార్లు వినిపించే తండ్రి అంత దూరం వెళ్లడం తక్కువ. వాళ్లు ఇక తనకు దక్కరేమో అన్న భయం పట్టుకున్నప్పుడే మనుషులు అలాంటి పనులు చేస్తారు.

వదిన మౌనం గురించి కూడా. ఆవిడతో కూర్చుని ఇంటి ఖర్చులో మీ వంతు ఎంతో మీరే ముందు తేల్చండి. 14 వేలలో నాలుగు వేలైనా సరే. ఆ మాట మీరు ఎత్తితే ఆవిడ మాట్లాడతారని నా నమ్మకం.

ఇక పాప అడిగిన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా వదలకండి. ఈ రాత్రే అన్నం పెట్టేటప్పుడు మీరే ఎత్తండి. "కటీఫ్ కాదురా. నాన్నకూ నాకూ మధ్య పెద్దవాళ్ల గొడవ ఒకటి ఉంది. అది మేం చూసుకుంటాం. అది నీ వల్ల, తమ్ముడి వల్ల వచ్చింది కాదు. ఆయన నీకు ఎప్పుడూ నాన్నే. ఆదివారం ఫోన్ చేస్తారు." ఇంతకన్నా ఎక్కువ చెప్పనక్కర్లేదు. తిరిగి ఎప్పుడు వెళ్తాం అని అడిగితే, ఇంకా తెలియదు అని నిజమే చెప్పండి.

భర్తకు ఒక మెసేజ్ పెట్టండి. "ఆదివారం సాయంత్రం ఐదింటికి పిల్లలు మీతో మాట్లాడతారు." కోపం, కారణాలు ఏవీ వద్దు, ఆ ఒక్క వాక్యం చాలు. ఫోన్ మోగాక పాప చేతికిచ్చి, మీరు పక్క గదిలోకి వెళ్లండి. బాబు ఇన్ని నెలల తర్వాత సిగ్గుపడి మాట్లాడకపోతే బలవంతపెట్టకండి, అక్క మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వింటాడు.